ఎప్పుడూ చూడని పద్యం ఎదురైతే...

ఇంగ్లండులో పదహారేళ్ళ పిల్లలు రాసే పరీక్షని జీసీఎస్ఈ అంటారు. మన పదో తరగతి లాంటిదన్నమాట. అక్కడి తెలుగు ఇళ్ళల్లో లెక్కలూ సైన్సూ సాధారణంగా నాన్న చూసుకుంటాడు. షేక్‌స్పియర్ నాటకాన్ని పిల్లలే గైడ్లు ముందేసుకుని, రంగురంగుల పెన్నులతో గీతలు కొట్టుకుంటూ ఎలాగో నెట్టుకొస్తారు. ఇంగ్లీషు లిటరేచర్ పేపర్ చివర్లో వచ్చే ‘అన్‌సీన్ పోయెమ్’ దగ్గర మాత్రం ఇంటిల్లిపాదీ చేతులెత్తేస్తారు. పిల్లలు అంతకుముందు ఎన్నడూ చదవని కవిత ఒకటి పరీక్ష హాల్లోనే మొదటిసారి చేతికొస్తుంది. దాని మీద వ్యాసం రాయాలి.

“పుస్తకంలో లేనిదాన్ని ఎలా చదివించాలండీ?” అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, కొన్నేళ్ళుగా శని, ఆదివారాలు అక్కడి మనవాళ్ళ పిల్లలకి ఆన్‌లైన్లో ఈ ఒక్క ముక్కే చెబుతున్నాను. వాళ్ళకి సాయంత్రం అయిదైతే, వేసవిలో మనకి రాత్రి తొమ్మిదిన్నర. నాకు నిద్ర వచ్చే వేళా, వాళ్ళకి ఆటల వేళా ఒక్కటే కావడంతో ఇద్దరం సమానంగానే కష్టపడతాం.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే తల్లిదండ్రుల్లో చాలామందికి ఇది తెలీదు. అక్కడ ఎక్కువ బళ్ళు తీసుకునే ఏక్యూఏ బోర్డులో లిటరేచర్ మొత్తం 160 మార్కులు. రెండో పేపరుకి 2 గంటల 15 నిమిషాలు, 96 మార్కులు. అందులో ఈ చదవని కవితలకి 32. అంటే మొత్తం సబ్జెక్టులో అయిదో వంతు! మొదట ఒక కవిత ఇచ్చి, ఫలానా భావాన్ని కవి ఎలా చూపించాడో రాయమంటారు. దానికి 24 మార్కులు. తర్వాత రెండో కవిత ఇచ్చి, ఇద్దరు కవులూ చెప్పిన తీరులో పోలికలూ తేడాలూ రాయమంటారు. దానికి 8.

పరీక్ష హాల్లోకి పుస్తకాలు రానివ్వరు. అందుకని పిల్లలు నాటకంలో వాక్యాలు, నవలలో వాక్యాలు, సంకలనంలో ఉన్న 15 కవితల్లోంచి ముఖ్యమైన పాదాలు కంఠతా పడతారు. నెలల తరబడి అదే పని. ఆ పేపరు చివరికి వచ్చేసరికి, ఇన్నాళ్ళూ కూడబెట్టిన సరుకు ఒక్కటీ పనికిరాని చోటు ఎదురవుతుంది. అసలు భయం అక్కడే.

మన పిల్లలకి ఇది పూర్తిగా కొత్తేం కాదు. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి తెలుగు పేపర్లో ‘అపరిచిత పద్యం’ ఇవ్వడం ఉంది. పద్యం ఇచ్చి కింద చిన్న ప్రశ్నలు అడుగుతారు. ఎవరిని ఎవరితో పోల్చాడు, ఈ పద్యానికి శీర్షిక పెట్టండి, ఇలాంటివి. జవాబు పద్యంలోనే ఉంటుంది, వెతికి పట్టుకోవాలి. ఇది మంచి అలవాటే. అయితే ఇంగ్లండు పరీక్షలో ‘ఏం చెప్పాడు’ అన్నది సగం దారి మాత్రమే. ‘ఎలా చెప్పాడు’ అన్నది మిగతా సగం. మొదటి ప్రశ్నకున్న 24లో 12 మార్కులు కవిత అర్థం చేసుకుని ఆధారాలతో స్పందించినందుకు, 12 మార్కులు కవి మాటల్ని వాడిన తీరు పట్టుకున్నందుకు. రెండో ప్రశ్నకున్న 8 మార్కులూ చెప్పిన తీరుకే.

మనది ప్రతిపదార్థం, తాత్పర్యం చెప్పుకుని పెరిగిన జాతి. తాత్పర్యం అయిపోతే పద్యం అయిపోయిందనుకుంటాం. అమ్మానాన్నలు ఇంట్లో పిల్లలకి సాయం చేద్దామని కూర్చున్నప్పుడు మొదట చేసే పని కూడా అదే: “ఇందులో ఏముందీ, కవి తన తండ్రిని తలచుకుంటున్నాడు, అంతేగా!” అంతే కాదు మరి. అదెలాగో చెప్పడానికి నేను ఒక చిన్న కవిత వాడతాను. ప్రచురితమైన కవితలైతే పిల్లలు రెండు నిమిషాల్లో నెట్‌లో వెతికి, ఎవరో రాసిన వ్యాఖ్యానం పట్టుకొచ్చేస్తారు. అందుకని నేనే ఇంగ్లీషులో ఒకటి రాసుకున్నాను. గొప్పదేం కాదు, క్లాసు కోసం కుట్టిన గుడ్డముక్క. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

నాన్న వెళ్ళిపోయాక కూడా
గ్యారేజీలో ఆయన కోటు
ఆ కొక్కేనికే ఉంది.
జేబులో ఒక మేకు, బస్సు టికెట్టు, సగం పెన్సిలు.
అమ్మ రోజూ ఆ తలుపు తీస్తుంది.
వేస్తుంది.
చలికాలం వచ్చింది.
ఆ కోటు ఎవరికీ సరిపోదు.

కిందటేడాది ఏడుగురు పిల్లల బ్యాచికి దీన్నిచ్చాను. “తండ్రిని పోగొట్టుకున్న బాధని కవి ఎలా చూపించాడు?” అని అడగలేదు. “తండ్రి లేకపోవడాన్ని ఎలా చూపించాడు?” అని మాత్రమే అడిగాను. ఏడుగురిలో ఆరుగురు మొదటి వాక్యంలోనే తండ్రిని చంపేశారు! “ఈ కవితలో కవి చనిపోయిన తన తండ్రి గురించి...” అని మొదలు. ఒక్క అబ్బాయి మాత్రం, మైకు ఆన్ చేసి, కాస్త మొహమాటంగా అడిగాడు: “ఆంటీ, హి లెఫ్ట్ అని కదా ఉంది. డైడ్ అని లేదు కదా?”

లేదు. కావాలనే పెట్టలేదు. తెలుగులోనే చూడండి. ‘నాన్న పోయాక’ అంటే ఒకటే అర్థం. ‘నాన్న వెళ్ళిపోయాక’ అంటే? పోయి ఉండొచ్చు, ఇల్లు వదిలి వెళ్ళి ఉండొచ్చు. ఆ రెండిట్లో ఏదో చెప్పకపోవడం వల్ల ఆ తలుపు తీయడానికి రెండు రకాల అర్థాలు వస్తాయి. పోయినవాడి కోటు చూసుకోవడానికి తలుపు తీయడం వేరు, తిరిగొచ్చాడేమోనని తీయడం వేరు. “పదకొండేళ్ళొచ్చిన పిల్లాడు మాట్లాడుతున్నాడేమో, వాడికి ఎవరూ ఏదీ సరిగ్గా చెప్పలేదేమో” అన్నాడు ఆ అబ్బాయే మళ్ళీ. నేను రాసేటప్పుడు అంత దూరం ఆలోచించలేదు. కానీ కవితలోని మాటలు దానికి అడ్డం రావడం లేదు కదా, మార్కులు ఇవ్వాల్సిందే.

మిగతా ఆరుగురూ తెలివితక్కువ వాళ్ళని కాదు. కోటు, కొక్కెం, ఒంటరి అమ్మ, చలికాలం అని కనబడగానే బుర్రలో ముందే తయారుగా ఉన్న ఒక కథ లేచి నిలబడుతుంది. ఇక కాగితం మీదున్న మాటలు కనబడవు.

ఈ జబ్బుకి దాదాపు వందేళ్ళ క్రితమే ఒక పెద్దమనిషి పరీక్షలు చేసి పేరు పెట్టాడు. కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ అనే అధ్యాపకుడు కవితల్ని కవి పేరు లేకుండా అచ్చువేయించి విద్యార్థులకి పంచేవాడు. ఇంటికి తీసుకెళ్ళి, వారం రోజులు ఎన్నిసార్లయినా చదివి, తోచింది రాసుకురమ్మనేవాడు. అలా 13 కవితల మీద వచ్చిన రాతల్ని దగ్గర పెట్టుకుని 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అన్న పుస్తకం వేశాడు. రాసినవాళ్ళు కేంబ్రిడ్జి విద్యార్థులు, ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవాళ్ళు. అయినా చాలామందికి కవితలో ఉన్న మామూలు అర్థమే అందలేదు! పైన పేరుంటే భయభక్తులతో చదివేవాళ్ళే, పేరు లేకపోయేసరికి జాన్ డన్ అంతటివాడి కవితని కూడా తీసిపారేశారు. ఎందుకిలా జరుగుతోందో రిచర్డ్స్ ఒక జాబితా వేశాడు. అందులో మొదటిది సాదా అర్థం పట్టుకోలేకపోవడమే. ఇంకొకటి, కవిత ఏదైనా సరే మనలో ముందే సిద్ధంగా ఉన్న స్పందన బయటికొచ్చేయడం. మా ఆరుగురూ తండ్రిని చంపింది దాని వల్లే. ‘మీ అమ్మాయికి ఇంగ్లీషు వీకండీ’ అని బడిలో చెప్పారని బెంగపెట్టుకున్న తల్లులకి నేను ఈ పుస్తకం కథే చెబుతాను. ఇవాళ అన్‌సీన్ పోయెమ్ అని పిల్లల్ని భయపెడుతున్న ప్రశ్నకి మూలం కూడా చాలావరకు ఆ క్లాసురూమే.

సాదా అర్థం పట్టుకోవడానికి నేను చెప్పే పద్ధతి మరీ మోటుగా ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు పెన్ను పట్టుకోవద్దు. మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, ఎక్కడ, అప్పటికి ఏం జరిగిపోయింది, ఇంకా ఏం జరుగుతోంది, ఇవి చూసుకోవాలి. పాదం చివర కాకుండా, వాక్యం ముగిసిన చోట ఆగాలి. పాదం చివరల్లా ఆగితే ఎంత తేలిక కవితైనా చిక్కుముడే. ఇంకో మాట, ప్రశ్నలోనే సగం సమాధానం ఉంటుంది. కవి ఫలానా భావాన్ని ఎలా చూపించాడు అని అడిగారంటే, కవిత దేని గురించో వాళ్ళే చెప్పేశారన్నమాట! ప్రశ్న చదవకుండా కవితలోకి దూకే పిల్లలు ఎంతమందో.

ఇక రెండో జబ్బు. ఇది గైడ్ల వల్ల వచ్చింది. ఉపమ, రూపకం, అనుప్రాస అని మనం అలంకారాలు బట్టీపట్టినట్టే అక్కడి పిల్లలు సిమిలీ, మెటఫర్, ఎంజాంబ్‌మెంట్, సిజూరా అని పేర్లు వల్లిస్తారు. పలకడానికి బాగుంటాయి కూడా. కవిత కనబడగానే ఏ అలంకారం ఎక్కడుందో గుర్తుపట్టి, పేరు రాసి, “ఇది పాఠకుడి మనసులో స్పష్టమైన చిత్రాన్ని కలిగిస్తుంది” అని ముగిస్తారు. ఈ వాక్యం నేను ఎన్ని వందలసార్లు చదివి ఉంటానో. రెడీమేడ్ జాకెట్టు లాంటిది, ఏ చీర మీదికైనా వేసేసుకోవచ్చు, దేనికీ సరిగ్గా కుదరదు. నేను చెప్పే పరీక్ష ఒకటే: నువ్వు రాసిన వాక్యాన్ని కత్తిరించి ఇంకో కవిత మీద రాసిన వ్యాసంలో అతికిస్తే అతుక్కుంటుందా? అతుక్కుంటే కొట్టెయ్యి.

ఉదాహరణకి, ‘వేస్తుంది’ అన్న ఒక్క మాటే ఒక పాదం. “ఇది చిన్న పాదం, ప్రభావవంతంగా ఉంది” అని రాస్తే ఏం చెప్పినట్టు? తీయడానికీ వేయడానికీ మధ్య అమ్మ ఏం చేసిందో కవి చెప్పలేదు. లోపలికెళ్ళిందా, గుమ్మంలోనే నిలబడిందా, కోటు వైపు చూసిందా? మనకి దొరికింది పాదం చివర ఖాళీ మాత్రమే. ఆ ఖాళీలో ఆవిడ నిలబడి ఉంది. ఈ సంగతి రాసిన పిల్లకి ఆ పాదం విరుపుని ఏమంటారో పేరు తెలియకపోయినా ఫరవాలేదు. పేరు తెలిసి సంగతి తెలియని పిల్లకన్నా ఎక్కువ మార్కులే పడాలి. మార్కులు వేసేవాళ్ళ పట్టికలో పై మెట్టు మీద ఉండేది విశ్లేషణ, పేర్ల జాబితా కాదు.

మూడోది జబ్బు అనడానికి నాకు మనసొప్పదు. అదే బ్యాచిలో ఒక అమ్మాయి కవిత గురించి నాలుగు వాక్యాలు రాసి, మిగతా రెండు పేజీలూ వాళ్ళ తాతయ్య గురించి రాసింది. తాతయ్య గోదావరి జిల్లాలో ఉండేవారు. కరోనా రోజుల్లో పోయారు. విమానాల్లేక వీళ్ళు రాలేకపోయారు. ఆ తర్వాత ఎప్పుడో సెలవులకి వచ్చినప్పుడు ఆయన కండువా కుర్చీ మీద అలాగే ఉందట. చదువుతుంటే నాకూ గొంతు పట్టేసింది. కానీ ఆ రెండు పేజీలకి పరీక్షలో ఒక్క మార్కు రాదు. కవిత చదువుతుంటే మన సొంత జ్ఞాపకం అడ్డొచ్చి కవితని పక్కకి తోసేయడం కూడా రిచర్డ్స్ జాబితాలో ఉంది. ఆయన దాన్ని లోపాల్లోనే వేశాడు. నాకు ఆయనతో పూర్తిగా ఒప్పుదల లేదు. కండువా గుర్తొచ్చిన పిల్ల, ఏమీ గుర్తురాని పిల్లకన్నా ఆ కవితకి దగ్గరగానే ఉంది. పేచీ ఏమిటంటే, అక్కడే ఉండిపోయింది.

“తాతయ్య గురించి కొట్టెయ్యమని చెప్పను. కవితలో ఏ మాట దగ్గర తాతయ్య గుర్తొచ్చారో ఆ మాట కింద గీత పెట్టు” అన్నాను. కోటు కింద పెడుతుందనుకున్నాను. ‘సగం పెన్సిలు’ కింద పెట్టింది. తాతయ్య పెన్సిల్ని బ్లేడుతో చెక్కి, చేతిలో పట్టనంత చిన్నదయ్యేదాకా వాడేవారట. తర్వాత వారం కొత్తగా రాసుకొచ్చింది. మేకు ఏదో బిగించడానికి, టికెట్టు ఎక్కడికో వెళ్ళి రావడానికి, పెన్సిలు ఏదో గీయడానికి అట. పెన్సిలు అయిపోలేదు, సగం మిగిలే ఉంది, కాబట్టి ఆయనకి ఇంకా చెయ్యాల్సిన పనులున్నాయి అని రాసింది. కవి మనిషి గుణగణాలు ఒక్కటీ చెప్పకుండా జేబు తిరగేసి చూపించాడు, ఆ జాబితాలో బాధ అన్న మాటే లేదు, అందుకే బాధ అనిపిస్తోంది అని కూడా రాసింది. తాతయ్య ఊసు ఒక్క ముక్క లేదు. కానీ ఆ పెన్సిలు గురించి అలా రాయడానికి ఆయనే కారణం. పదహారేళ్ళకి ఇంతకన్నా బాగా రాయడం కష్టం.

కవి ఎవరో, ఎప్పటివాడో తెలియకపోతే ఎలా అని కూడా కొందరి బెంగ. ఈ ప్రశ్నలకి కవి జీవితం, కాలం గురించి మార్కులే లేవు, ఆ బెంగ అక్కర్లేదు.

మన దగ్గర ఈ విద్య లేదా అంటే, ఉంది. చేకూరి రామారావుగారు ‘ఆంధ్రజ్యోతి’లో ‘చేరాతలు’ రాసిన రోజులు గుర్తున్న పాఠకులు చాలామందే ఉంటారు. ఆయన భాషాశాస్త్రవేత్త. ఎవరో కొత్త కవి, పేరు ఎవరూ విననివాడు, పుస్తకం తీసుకుని, ఈ మాట ఇక్కడెందుకు పడింది అని చూసేవారు. పెద్ద పేరున్నవాళ్ళకి ఎంత శ్రద్ధో వాళ్ళకీ అంతే. అన్‌సీన్ పోయెమ్ ముందు కూర్చున్న పిల్లకి కావలసింది ఆ శ్రద్ధలో వీసమెత్తు. ఇక ఒక మాటకి రెండర్థాలు అంటే, పింగళి సూరన ‘రాఘవపాండవీయం’ చదివిన జాతికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకే పద్యంలో రామాయణం, భారతం రెండూ నడిపినవాడు. కాకపోతే శ్లేషలో రెండర్థాలూ ఖాయంగా ఉంటాయి, కవి పెట్టి ఇస్తాడు. ‘వెళ్ళిపోయాక’ అన్న మాటలో ఉన్నది అది కాదు. అక్కడ రెండిట్లో ఏదో తేలదు, తేలకపోవడమే కవిత. రిచర్డ్స్ శిష్యుడు విలియం ఎంప్సన్ ఈ తేలని అర్థాల మీదే 1930లో ఒక పుస్తకం రాసి ఇరవై నాలుగేళ్ళకే పేరు తెచ్చుకున్నాడు. మన పిల్లలు మాత్రం రెండర్థాలు కనబడగానే ఏది కరెక్టో తేల్చుకోలేక, భయంతో ఒకటి కొట్టేస్తారు. రెండూ రాయొచ్చు, ‘కావచ్చు’ అని రాయొచ్చు అని చెబితే నమ్మరు. లెక్కల పేపర్లో ‘కావచ్చు’ అంటే సున్నా కదా మరి!

టైము విషయం త్వరగా చెప్పేస్తాను. రెండు ప్రశ్నలకీ కలిపి ముప్పావు గంట పెట్టుకోవాలి. మొదటిదానికి అరగంట, రెండోదానికి పావుగంట. మొదటి అరగంటలో ఏడెనిమిది నిమిషాలు చదవడానికే పోతే పోనివ్వండి. పోలిక ప్రశ్నకి రెండు మూడు పాయింట్లు చాలు. 8 మార్కుల కోసం మూడు పేజీలు రాసే పిల్లల్ని చూశాను, 24 మార్కులదానికి పేజీన్నర రాసి. ఓపిక ఉన్నవాళ్ళు ఈ భాగమే ముందు రాసెయ్యొచ్చు కూడా. ఏ వరసలో రాసినా ఒప్పుకుంటారు. బుర్ర తాజాగా ఉన్నప్పుడు కొత్త కవిత చదవడం మంచిదని నా అభిప్రాయం, బళ్ళలో టీచర్లు కొందరు ఒప్పుకోరు.

ఇంట్లో ఏం చెయ్యాలీ అంటే, వారానికి రెండు రోజులు, రాత్రి అన్నాలయ్యాక, ఒక కవిత పిల్లల చేత గట్టిగా చదివించండి. గట్టిగా చదివితే సగం ముళ్ళు వాటంతటవే విడిపోతాయి. మీకు ఇంగ్లీషు కవిత్వం రాదని సిగ్గుపడకండి. రాకపోతే మరీ మంచిది, పిల్లలే మీకు చెప్పాల్సి వస్తుంది. మీరు మాత్రం “అయితే?” అనీ, “అదెందుకు?” అనీ అడుగుతూ ఉండండి. చివర్లో తాత్పర్యం చెప్పి ముగించకండి.

అలా చేసిన ఒకావిడ, వాళ్ళబ్బాయి ఆ కోటు కవిత చదివి వినిపిస్తే, చేస్తున్న పని ఆపి, “ఎవరికీ సరిపోకపోవడమేమిటి? చలికాలం వచ్చిందంటున్నావు, వాళ్ళమ్మ వేసుకోవచ్చుగా? పెద్ద కోటైతే ఇంకా వెచ్చగా ఉంటుంది” అందట. వాడు నవ్వేసి, ఆదివారం క్లాసులో జోకులా చెప్పాడు. అందరూ నవ్వారు. కాసేపటికి ఆ పెన్సిలు అమ్మాయి, “మరి ఎందుకు వేసుకోలేదూ?” అంది. ఆ రాత్రి క్లాసు పదకొండింటికి ముగియాల్సింది, పదకొండున్నర దాటింది.